రాయి లేని ఊరికి రాళ్లు మోసిన నది

లండన్ కింద ఉన్నది బంకమట్టి. దానితో ఇటుక కాల్చుకోవచ్చు గానీ, కోటలూ గోపురాలూ కట్టే రాయి ఊరి చుట్టుపక్కల దొరకదు. మనం తలెత్తి చూసే పాత కట్టడాల రాయి చాలావరకు ఎక్కడెక్కడో పుట్టి, పడవలెక్కి, థేమ్స్ మీదుగా వచ్చింది. అందుకే ఈ నగరాన్ని బస్సులో కూర్చుని కాక, ఏటి ఒడ్డున నీరు పారే దిక్కుకే నడుస్తూ చూడాలంటాను.

వెస్ట్‌మినిస్టర్ దగ్గర మొదలుపెడదాం. ఖజానా లెక్కలకు వాడిన పాత కర్రముక్కలను కొలిమిలో వేసి తగలబెడుతుంటే 1834లో ఆ మంట పార్లమెంటు భవనాన్నే మింగేసింది. చార్లెస్ బారీ, పుగిన్ కలిసి రూపుదిద్దిన కొత్త సౌధానికి యార్క్‌షైర్ సున్నపురాయి తెచ్చారు. లండన్ బొగ్గుపొగకు అది తట్టుకోలేక పొరలుపొరలుగా రాలిపోయింది. 1930ల నుంచి వేరే రాయితో మరమ్మతులు చేశారు. అగ్గికి బెదరక నిలిచింది 1097లో మొదలైన వెస్ట్‌మినిస్టర్ హాలు. అందరూ బిగ్‌బెన్ గడియారం కింద ఫొటోలు దిగుతారు గానీ, నా ఓటు మాత్రం ఆ హాలు మీది ఓక్ దూలాలకే.

ఉత్తరపు ఒడ్డున ముందుకు సాగితే విక్టోరియా ఎంబాంక్‌మెంట్. మన కాళ్ల కింది ఈ నేల ఒకప్పుడు ఏరే. 1858 ఎండాకాలంలో నదిలో కలిసిన మురుగు కంపుకు పార్లమెంటులో కూర్చోలేక, కిటికీ తెరలను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో తడిపి వేలాడదీశారు. ఆ తర్వాతే జోసెఫ్ బజల్జెట్ అనే ఇంజనీరు మురుగునంతా ఊరి దిగువకు మళ్లించే కాలువలు తవ్వించాడు. 1870కి పూర్తయిన ఈ గట్టు పొట్టలో మురుగు కాలువా ఉంది, భూగర్భ రైలూ ఉంది. లండన్‌లో ఏ గోపురానికీ తీసిపోని కట్టడం ఇదే అని నా నమ్మకం. నది ఎంత వెనక్కి జరిగిందో చూడాలంటే పక్కనున్న తోటలోకి వెళ్లాలి. అక్కడ 1626 నాటి యార్క్ వాటర్‌గేట్ ఉంది: మూడు కమానులు, పైన డాళ్లు పట్టుకున్న సింహాలు. బకింగ్‌హామ్ ప్రభువు ఇంటివాళ్లు పడవ దిగి లోపలికి నడిచిన ద్వారం అది. ఇప్పుడు దాని ముందు పచ్చిక, ఆ పైన రోడ్డు, ఆ తర్వాత ఎక్కడో నీళ్లు.

ఈ దారి పక్కనే, వైట్‌హాల్ వెనుక, ఫైఫ్ హౌస్ అనే భవనం ఉండేది. మనవాళ్లు తప్పక తలుచుకోవలసిన చోటు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. కృష్ణ ఒడ్డున చెక్కిన పలనాటి రాయి థేమ్స్ ఒడ్డున దిగింది. మొదట సదర్క్ రేవులో, ఆ తర్వాత ఈ ఫైఫ్ హౌస్ బండ్లశాలలో మూలపడింది. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తు చరిత్రకారుడి కంట పడేదాకా దాని విలువ గుర్తించినవాడు లేడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరిన ఆ పలకలు ఇప్పుడు అద్దాల గదిలో ఉన్నాయి. పూర్ణకుంభం, పద్మాలు, స్తూపానికి మొక్కుతున్న జనం, అంతా అరచేయంత జాగాలో. ఫైఫ్ హౌస్ ఆనవాలు మాత్రం లేదు. ఒక పలక పెట్టి ఈ సంగతి రాసి ఉంచితే బాగుండును.

ఇంకాస్త ముందుకెళితే, 1878లో నిలబెట్టిన ఈజిప్టు గ్రానైట్ స్తంభం. దాని పక్కన కంచు స్ఫింక్స్ ఒంటి మీద 1917 నాటి బాంబు ముక్కలు చేసిన బొక్కలున్నాయి. పూడ్చకుండా వదిలేసి మంచి పని చేశారు.

అక్కడి నుంచి దిగువకు నడిస్తే సెయింట్ పాల్స్ చర్చి. 1666 అగ్నిప్రమాదం తర్వాత క్రిస్టఫర్ రెన్ కట్టిన దానికి పోర్ట్‌లాండ్ తెల్లరాయి సముద్రం మీద వచ్చింది. పాత లండన్ బ్రిడ్జి ఇరుకు కమానుల్లో ఓడలు పట్టవు కాబట్టి, అక్కడ చిన్న పడవల్లోకి మార్చి పైకి తెచ్చేవారు. ఖర్చుకు డబ్బు కూడా ఏటి మీదే వచ్చింది: రేవుకు చేరే బొగ్గు మీద పన్ను. ఆ పాత వంతెన రాళ్లు కొన్ని సెయింట్ మాగ్నస్ చర్చి ఆవరణలో పడి ఉన్నాయి. గుమ్మం దగ్గరే రోమన్ల రేవుకు చెందిన నల్లబడ్డ దుంగ. దాన్ని చూడకుండా పోవద్దు.

లండన్ టవర్‌లో మనవాళ్లు కోహినూర్ కోసం బారులు తీరతారు. వైట్ టవర్ మూలల్ని కూడా చూడండి. దండెత్తి వచ్చిన నార్మన్లు వాటికి రాయిని సొంత దేశంలోని కాన్ నుంచి తెప్పించుకున్నారు; తర్వాత చాలావరకు పోర్ట్‌లాండ్ రాయితో మార్చారు. 1894 నాటి టవర్ బ్రిడ్జి పాతకోటలా కనిపించినా, లోపలంతా ఉక్కే.

ఇక గ్రీనిచ్. నావికుల ఆశ్రమానికి రెన్ ప్లాను గీస్తే, వెనకనున్న క్వీన్స్ హౌస్ నుంచి ఏరు కనిపించే దారి మూయడానికి వీల్లేదన్నారు. ఆయన భవనాన్ని నిలువునా రెండుగా చీల్చి, నడుమ ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ సరిగ్గా నది మధ్య నుంచే తెలుస్తుంది. కాబట్టి అక్కడికి పడవలో వెళ్లండి. రైల్లో వెళితే పక్కదారిన చేరి, కట్టడం ముఖం చూడకుండానే లోపల అడుగుపెడతారు.