ఒక తీగె పైకి జరిపితే

మన లెక్కల సారు గిటారు సంగతి మీకు తెలిసిందే. రాత్రి స్టడీ అయ్యాక అర్ధగంట వాయించుకోమని ఇస్తారు. సారు నాకు నేర్పింది ఒక్కటే కార్డు, ఏ మైనర్. వింటే ఎవరో ఏడుస్తున్నట్టు ఉంటుంది. వారం రోజులు అదే కొడుతుంటే గదిలో వాళ్ళు "ఇంక ఆపరా" అన్నారు.

ఒకరోజు ఆటకి, వేళ్ళు అట్లనే పట్టుకుని మూడింటినీ ఒక తీగె పైకి జరిపాను. ఏడుపు పోయింది! ఎవరినో పిలిచినట్టు గట్టిగా మోగింది. సారును అడిగితే "అది ఈ మేజర్ రా" అన్నారు. మళ్ళీ కిందికి దించితే ఇంటికి తిరిగి వచ్చినట్టు అనిపించింది.

కానీ కుడిచేయి కుదరలేదు. సినిమా పాటలాగా కొట్టబోతే తాళం తప్పేది. మా తాత డోలు కొడతాడు. నవ్వుతారని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి తాత దెబ్బనే తీగెల మీద వేశాను. ఎవరూ నవ్వలేదు. ఒకడు రేల పాట ఎత్తుకున్నాడు, అందరూ అందుకున్నారు. వార్డెన్ సారు తలుపు దగ్గరకు వచ్చి కూడా లైట్లు ఆపమనలేదు.

మర్నాడు లెక్కల సారు చెప్పారు: మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మ కథ పాడేవారట. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో చనిపోయారు.

నేను దాచిపెట్టింది ఆ డోలునే. మా తాత ఇంకా ఉన్నాడు. దసరా సెలవులకు పోయి ఆయన పక్కన కూర్చుంటాను.

– 9వ తరగతి విద్యార్థి