వేపచెట్టెక్కిన హెడ్‌లైటు

బండి వెనక కూర్చుని తిరిగే ఆడవాళ్లకు కొన్ని సంగతులు నడిపేవాళ్లకంటే ముందే తెలుస్తాయి. టైరులో గాలి తగ్గితే మన నడుము చెబుతుంది. చైను వదులైతే కాలి దగ్గర టకటకమని వినిపిస్తుంది. మా బండి హెడ్‌లైటు రోడ్డును వదిలేసి వేపచెట్ల కొమ్మలు చూపిస్తోందని కనిపెట్టింది కూడా నేనే.

మాది వినుకొండ. చేను నూజెండ్ల వైపు, ఇంటికి 9 కిలోమీటర్లు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మిరపకల్లం దగ్గరే మా కాపురం సగం. పొద్దున పరిచిన కాయల్ని సాయంత్రం కుప్పకు లాగి పట్టాలు కప్పాలి. మంచు పడితే రంగు పోతుంది, తాలుకాయ ఎక్కువైతే గుంటూరు యార్డులో రేటు ఎంత కోస్తారో మిరప పండించే ఇళ్లవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రాత్రి కాపలాకు ఎవరో ఒకరు ఉండాలి. మా వారు, పాలేరు వంతులు వేసుకుంటారు. పాలేరు వంతు ఉన్న రోజున నేనూ ఈయనా పట్టాలు కప్పి ఎనిమిదింటికి ఇంటికి బయల్దేరతాం.

అదిగో, ఆ రాకలోనే చూశాను. ముందు చక్రానికి పది అడుగుల దూరంలో చీకటి. పైన కొమ్మల్లో మాత్రం కొంగలు లెక్కపెట్టుకోవచ్చు, అంత వెలుగు. ఎదురుగా వచ్చేవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు, కొందరు తిడుతున్నారు కూడా. ఈయనేమో వాళ్లనే తిడుతున్నారు. "లైటు వెలుగుతానే ఉందిగా, ఇంకేంది నీ గోల?" అన్నారు నేను చెప్తే.

వారం తిరక్కముందే ఆ చీకట్లో రోడ్డు వారగా ఆపిన ట్రాక్టరు ట్రక్కు ఒకటి మూడు బారల దూరంలో ఉండగా కనపడింది. వెనక ఎర్రబిళ్ల లేదు, దీపం లేదు. ఈయన బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరిగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి ఇద్దరం అన్నం తినకుండానే పడుకున్నాం. అత్తయ్య అడిగితే కడుపు నిండుగా ఉందని చెప్పాం.

మర్నాడు శివయ్య స్తూపం సెంటరుకు వెళ్లినప్పుడు మెకానిక్కుకు చూపించాను. "ఫోకస్సేగా వదినా, రెండు నిమిషాల పని" అన్నాడు. సైడు స్టాండు మీదే ఉంచి లైటును చేత్తో కిందికి ఒక గుద్దు గుద్ది, స్క్రూ బిగించి ఇచ్చాడు. ఆయన ఒక్కరే వెళ్లినప్పుడు బాగానే ఉందట. నేను, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఎక్కేసరికి లైటు మళ్లీ చెట్టెక్కింది.

అప్పుడు అర్థమైంది. తప్పు స్క్రూది కాదు, మా బరువుది! వెనక బరువు పడితే వెనక స్ప్రింగులు దిగుతాయి, బండి మూతి పైకి లేస్తుంది, దాంతోపాటు లైటూ లేస్తుంది. ఇంటర్ ఎంపీసీ చదివే మా చిన్నది టేపు పట్టుకుని కొలిచింది. రెండు చక్రాల ఇరుసుల మధ్య 125 సెంటీమీటర్లు. వెనక 3 సెంటీమీటర్లు దిగితే, 25 మీటర్ల దూరం వెళ్లేసరికి వెలుగు 60 సెంటీమీటర్లు పైకి పోతుందని లెక్క చెప్పింది. అంటే ఎదుటివాడి మోకాళ్ల దగ్గర పడాల్సింది గుండెల మీదికి, గుండెల మీద పడాల్సింది కళ్లలోకి. త్రిభుజాల లెక్క ఎందుకు పనికొస్తుందని తొమ్మిదో తరగతిలో ఏడ్చిన పిల్ల ఇదే.

ఆదివారం సాయంత్రం మా ప్రహరీగోడ దగ్గరే పని పెట్టుకున్నాం. చేసేవాళ్ల కోసం కాస్త వివరంగానే రాస్తున్నాను. ముందు రెండు టైర్లలో గాలి సరిగ్గా కొట్టించాలి, ఇది మర్చిపోతే మిగతాదంతా దండగ. నేల చదునుగా ఉండాలి. గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో, బండి మూతి గోడకు ఎదురుగా. స్టాండు మీద కాదు, రెండు చక్రాల మీదా నిలబెట్టాలి. రోజూ ఎంత బరువు వేస్తామో అంతా ఎక్కించాలి. అంటే ఈయన ముందు, నేను వెనక, చెరో పక్క నీళ్ల క్యాను. వాకిట్లో ఊరేగింపుకు బయల్దేరినట్టు అట్టా కూర్చున్నాం. ఎదురింటి పిల్లలు గేటెక్కి చూస్తున్నారు, నవ్వు ఆపుకోలేకపోయాను.

చిన్నది హెడ్‌లైటు మధ్యభాగం నేలనుంచి ఎంత ఎత్తుందో కొలిచింది, 90 సెంటీమీటర్లు. గోడమీద అదే ఎత్తులో ముగ్గు గీతలా సుద్దతో ఒక గీత గీసింది. దానికి 5 సెంటీమీటర్లు కింద ఇంకో గీత. డిమ్ములో పెడితే వెలుగు పై అంచు ఆ కింది గీత దగ్గర ఆగాలి. వందకు ఒకటి చొప్పున వెలుగు దిగుతూ పోవాలన్నమాట. గోడ 10 మీటర్ల దూరంలో ఉంటే 10 సెంటీమీటర్లు కిందికి గీసుకోవాలి. మా బండికి లైటు డూము కింద స్క్రూ ఉంది, కొన్నింటికి పక్కల రెండు బోల్టులుంటాయి. కొంచెం వదులు చేసి, మూతి వంచి చూసి, మళ్లీ బిగించడమే. మొదట లైటు వేసినప్పుడు మా వెలుగు ఎక్కడుందనుకున్నారు? గోడ దాటి పక్కింటి మునగచెట్టు మీద!

ఇంకో సంగతి. ఆ లైటులో ఉన్నది తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ బల్బు, నిరుడు ఎవరో మంచిదంటే ఈయన వేయించారు. లోపలి తీగ ఎక్కడ వెలగాలో చూసుకునే దాని వెనక మెరిసే గిన్నెను చేస్తారు. వేరే రకం బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారుతుంది, ఇక అది నలుదిక్కులా చిమ్ముతుంది. గోడమీద అంచే కనపడలేదు. పాత హాలోజన్ బల్బు కొని, దాని చెవులు గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాక గానీ గీత తేలలేదు. ఇప్పుడు రోడ్డు మీద సగం బండ్లకు అవే తెల్లబల్బులు. కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ప్రభలన్నా కాస్త నెమ్మది వెలుగు. పైగా 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లకు లైటు ఆర్పే స్విచ్చే లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి వంకర లైటు పగలు కూడా బాధే. ఎదుటివాళ్ల కళ్లకు కొట్టకూడదని 1989 మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. 8 మీటర్ల అవతల, మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లను మిరుమిట్లు గొలపకూడదట. మీటరున్నర అంటే సుమారుగా మన ఎత్తే. కూలికి పోయి రోడ్డు వారన నడిచొచ్చే ఆడవాళ్ల ఎత్తు.

ఆ రాత్రి కల్లానికి వెళ్లొచ్చాం. రోడ్డు రోడ్డులా కనపడింది, గుంతలు సైతం. ఎవరూ తిట్టలేదు. నేను సంబరపడుతుంటే ఈయన మాత్రం ఎప్పటిలాగే ఎదురుగా బండి వచ్చిన ప్రతిసారీ దాదాపు ఆపేస్తున్నారు.

"ఇప్పుడేమైందండీ, మన లైటు బాగుందిగా?"

"మనది బాగుంది. వాళ్లవే, పత్తికాయ పగిలినట్టు తెల్లగా విచ్చుకుపోతన్నయ్యి. రోడ్డంతా తెల్లపడతంది."

నాకు ఎదురుగా వచ్చింది మామూలు పసుపు లైటు బండి. నాకేమీ విచ్చుకోలేదు. ఇంకేమీ మాట్లాడలేదు నేను.

ఇంట్లో అత్తయ్య ముందు ఆ మాట మళ్లీ అనిపించాను. మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న ఆవిడ చెయ్యి ఆపేశారు. "దీపం చుట్టూ చందమామకు మల్లే గూడు కడతందారా?" అని అడిగారు. ఈయన తలూపారు. "ఎన్నాళ్లనుంచి?" "పోయిన సంక్రాంతి ముందు నుంచీ." ఏడాది దాటింది! "నాకూ శుక్లాలు తీయకముందు అట్టానే ఉండేది. నా బిడ్డవి కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నావు" అన్నారావిడ.

ఈయనకు 52. నాలుగేళ్లుగా షుగరు. రాత్రిపూట తిట్టుకుంటూ, ఆగుతూ, చెప్పకుండా 9 కిలోమీటర్లు నన్ను వెనకేసుకుని తెచ్చారన్నమాట ఇన్ని రాత్రులు. కోపం రాలేదంటే అబద్ధం. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే, "కన్ను పోయిందంటే చేను కౌలుకిమ్మంటారని భయమేసిందే" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మా మామయ్యగారి చేత చేను కౌలుకిప్పించింది కూడా కంటి చూపే.

గుంటూరు తీసుకెళ్లి చూపించాం. రెండు కళ్లకూ శుక్లం, కుడిదానికి ఎక్కువ. నరం బాగానే ఉందట, షుగరు అదుపులోకి తెచ్చుకుని వస్తే ఆపరేషను చేస్తామన్నారు. అప్పటిదాకా చీకట్లో బండి నడపొద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. చివరి కోత అయిపోయి కాయ యార్డుకు వెళ్లాక, ఏప్రిల్ రెండో వారం అనుకున్నాం. ఈలోగా రాత్రి కాపలా పూర్తిగా ఆయనదే, తిరుగు ప్రయాణం మాత్రం తెల్లవారాకే. చీకటి పడకముందే కల్లం చేరాలి కాబట్టి నేను క్యారేజీ ఐదింటికల్లా కట్టేస్తున్నాను. షుగరుందని అన్నం తగ్గించి రెండు జొన్నరొట్టెలు పెడుతున్నా, అందులో ఒకటి పాలేరుకు పెట్టేస్తున్నారని నిన్ననే తెలిసింది.