ఢిల్లీ ఇంకా దూరమే!

“ఢిల్లీ ఇంకా దూరమే” అని నిజాముద్దీన్ ఔలియా అన్నారని ఒక కథ. బెంగాలు దండయాత్ర ముగించుకుని తిరిగివస్తున్న ఘియాజుద్దీన్ తుగ్లక్ 1325లో నగరం చేరకుండానే పోయాడు. ఇవాళ హైదరాబాదులో విమానం ఎక్కేవాళ్ళకు అంత భయం లేదు గాని, ఆ మాట మాత్రం గుర్తుంచుకోదగ్గదే!

శంషాబాదు విమానాశ్రయం నుంచి ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే సుమారు 1,260 కిలోమీటర్లు. ఢిల్లీ మనకు దాదాపు నేరుగా ఉత్తరాన వున్నది. గోదావరి, సాత్పురా కొండలు, నర్మద, చంబల్ దాటితే వచ్చేసినట్టే. రైలు అలా కాదు. ముందు తూర్పుకు తిరిగి కాజీపేట వెళ్ళి, నాగపూరు, భోపాలు, ఝాన్సీ, ఆగ్రాలను పలకరించుకుంటూ 1,600 కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుంది. తెలంగాణా ఎక్స్‌ప్రెస్సుకు ఒక పగలూ ఒక రాత్రీ కూడా చాలవు.

జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్లు అవలీలగా పోతుంది. ఆ లెక్కన గంటన్నర పైన కొద్ది నిమిషాలు చాలాలి. మరి టైంటేబిల్లులో రెండుంబావు గంటలు ఎందుకు వేస్తారు? అది ఎగిరే కాలం ఒక్కటే కాదు. ఇక్కడ నిలిచిన చోటు కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా పట్టే కాలం. రన్‌వే దాకా మెల్లగా పోవాలి, వరసలో నిలవాలి, పైకి ఎక్కాలి, ఢిల్లీ మీద దిగడానికి వంతు రావాలి.

చలికాలంలో ఉత్తరాదిన ఆకాశంలో పడమటి గాలి జోరుగా వీస్తుంది. ముంబై నుంచి కోల్‌కతా వెళ్ళే విమానాన్ని అది ముందుకు తోస్తుంది, తిరిగి వచ్చేదాన్ని వెనక్కు పట్టుకుంటుంది. మనది ఉత్తర దక్షిణాల దారి కనుక రాకపోకలకు తేడా తక్కువ. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాము పొగమంచుతోనే పేచీ.

వెనక బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు ఎగిరేవి. ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసింది. డకోటా వేగానికి ఇంత దూరం పోవడానికి గాలిలోనే అయిదు గంటలు కావాలి. అయితే బేగంపేట ఊరి నడుమ వుండేది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు ఊరి బయట శంషాబాదుకు మారాయి. గాలిలో మిగిలిన గంటలు ఇప్పుడు నేలమీద ఖర్చవుతున్నాయి.

లెక్క చూడండి. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంటన్నర, ముందుగా చేరడానికి రెండు గంటలు, ప్రయాణం రెండుంబావు, సామాను తీసుకుని అక్కడి ఇల్లు చేరడానికి ఇంకో గంటన్నర. వెరసి ఏడుంబావు!

జనవరిలో పదకొండింటికి ఇంటర్వ్యూ వున్న కుర్రవాణ్ణి ఆ తెల్లవారుజాము విమానానికి పంపకండి. పొగమంచు పట్టిందంటే వుద్యోగం చెయ్యి జారుతుంది. ముందురోజు మధ్యాహ్నమే ఎక్కించండి. ఢిల్లీలోని అమ్మాయికి ఫోను చేసేటప్పుడు కూడా “రెండుంబావు గంటల్లో వస్తున్నాం” అనకండి. ఏడున్నర గంటలని చెప్పండి. పాపం, వేడివేడిగా వండిపెడుతుంది!