రాత్రి నిద్ర పోయినవా బిడ్డా?

పోయిన వారం మా కాలేజీలో స్టాఫ్ మీటింగ్. గెస్ట్ లెక్చరర్ల ఎంపికలో రోస్టర్ ఎందుకు పాటించలేదని అడిగాను. గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను. జవాబు చెప్పాల్సిన ఆయన చెప్పలేదు. పక్క కుర్చీలో ఉన్న సహోద్యోగి మాత్రం నా వైపు వంగి, అందరికీ వినపడేంత మెల్లగా అడిగాడు: “సార్, ఇవ్వాళ టాబ్లెట్ వేసుకున్నారా?”

ఇద్దరు నవ్వారు. రోస్టర్ సంగతి అక్కడితో ముగిసింది.

మిత్రులారా, నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది. చాలా ఏళ్లుగా లిథియం వాడుతున్నాను. కులం గురించి, యూనివర్సిటీల గురించి ఇక్కడ ఎన్నో రాశాను గానీ దీని గురించి రాయలేదు. ఆ నవ్వు విన్నాక రాయాలనిపించింది.

పీహెచ్‌డీ రోజుల్లో నాలుగు రాత్రులు నిద్రపోకుండా డెబ్బై పేజీల చాప్టర్ రాశాను. అలసట లేదు. రాత్రి మూడింటికి ఫ్రెండ్స్‌ని లేపి నా సిద్ధాంతం వినిపించేవాణ్ణి. ఆగి ఆగి వచ్చిన ఫెలోషిప్ బకాయి మొత్తం వారంలో పుస్తకాలకి, అడిగినవాళ్లకి, అడగనివాళ్లకి పంచేశాను. ఒక సభలో పదిహేను నిమిషాలు మాట్లాడమంటే గంటన్నర మాట్లాడాను. ‘ఏం ఎనర్జీ అన్నా!’ అని చప్పట్లు కొట్టారు. అది మేనియా అని వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు.

తర్వాత రెండు నెలలు హాస్టల్ మంచం దిగలేదు. స్నానం కూడా కొండంత పని. ‘వీళ్లకి సీటు వస్తుంది, చదువు రాదు’ అని డిపార్ట్‌మెంట్‌లో అన్న మాట నా చెవిదాకా వచ్చింది. మనవాళ్లేమో ‘కమిట్‌మెంట్ తగ్గింది’ అన్నారు. లేచినప్పుడు చప్పట్లు, పడినప్పుడు వెక్కిరింపు. రెండిట్లోనూ జబ్బు అన్న మాట లేదు.

ఊళ్లో అమ్మ గాలి సోకిందంది. చర్చిలో నూనె రాయించింది, దర్గాలో తాయెత్తు కట్టించింది. సాహిత్యంలో పరిశోధన చేస్తున్నవాణ్ణి, రెండూ చేయించుకున్నాను.

మొదటి డాక్టర్‌కి పడిపోయిన రోజుల గురించే చెప్పాను. లేచిన రోజులు జబ్బని అనుకుంటే కదా చెప్పడానికి. ఆయన డిప్రెషన్ మందు ఒక్కటే రాశాడు. కొన్ని వారాలకి మళ్లీ నిద్రలేని రాత్రులు మొదలయ్యాయి. బైపోలార్ ఉన్నవాళ్లని ఆ మందు ఒక్కటే వాడితే మేనియా వైపు నెట్టే ప్రమాదం ఉంది. రెండో డాక్టర్ ఒక ప్రశ్న అడిగారు: “నిద్ర లేకపోయినా అలసట తెలియని రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?” నా జబ్బుకి ఆ రోజు పేరు దొరికింది.

లిథియం కొత్త మందు కాదు. మేనియాకి అది పనిచేస్తుందని 1949లోనే జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ రాశాడు. అదొక లవణం. లెక్క తప్పితే ఊరుకోదు. మామూలుగా రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. తగ్గితే పనిచేయదు, బాగా పెరిగితే విషం. అందుకే ఆ లెవెల్‌తో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు. ఎండాకాలంలో చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినా, మెడికల్ షాపులో అడిగి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగినా లెవెల్ పెరగొచ్చు. నాకు చేతులు కొంచెం వణుకుతాయి. బోర్డు మీద నా అక్షరాలు చూసి పిల్లలు నవ్వుకుంటారు. నవ్వనీ.

మందు మింగడం కంటే మన మధ్య చెప్పుకోవడం కష్టమైంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక మనం ఇన్‌స్టిట్యూషనల్ మర్డర్ అన్నాం. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. మన పిల్లల చావుల్ని డిప్రెషన్ ఖాతాలో రాసి కులాన్ని తప్పిస్తారన్న భయం న్యాయమైనదే. కానీ ఆ జాగ్రత్తలో, జబ్బు పేరెత్తడమే ద్రోహం అన్నట్టు తయారైంది. రెండేళ్లు నా టాబ్లెట్లు విటమిన్ సీసాలో దాచుకుని మీటింగులకి వచ్చాను. కులమూ నిజం, జబ్బూ నిజం. ఒకటి ఒప్పుకుంటే రెండోది అబద్ధమైపోదు.

మరి నా కోపం నాదా, జబ్బుదా?

అమ్మ రోజూ పొద్దున ఫోన్ చేస్తుంది. తిన్నావా అని కాదు, “రాత్రి నిద్ర పోయినవా బిడ్డా?” అని అడుగుతుంది. నా నోట్‌బుక్‌లో కూడా మొదటి గడి అదే. తర్వాత మనసు ఎలా ఉంది, ఎంత ఖర్చు పెట్టాను. వరసగా రెండు రాత్రులు నిద్ర నాలుగు గంటలకి తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, ఏటీఎం కార్డు తమ్ముడికి ఇచ్చేయాలి. బాగున్నప్పుడు నాకు నేనే పెట్టుకున్న షరతులివి.

మార్చిలో ఒక రాత్రి రెండింటికి ఇక్కడ పెట్టాలని పెద్ద పోస్ట్ రాశాను. ముగ్గురు సహచరులు అమ్ముడుపోయారని, పేర్లతో సహా. అంతా అద్దంలో కనిపిస్తున్నట్టే ఉంది. నోట్‌బుక్ చూస్తే అది రెండో నిద్రలేని రాత్రి. పోస్ట్ చేయకుండా ఒక స్నేహితురాలికి పంపాను. ‘ఫోన్ పక్కన పెట్టు, పొద్దున డాక్టర్ దగ్గరికి పోదాం’ అంది. మందు మార్చారు. వారం తర్వాత చదివితే అందులో ఒక్క ఆధారం లేదు. ఆ కోపం జబ్బుది.

స్టాఫ్ మీటింగ్ ముందు రాత్రి ఏడు గంటలు నిద్రపోయాను. రోస్టర్ కాగితాలు చేతిలో ఉన్నాయి. మర్నాడూ ఆ మర్నాడూ ఆ కోపం అలాగే ఉంది. అది నాది.

ప్రతి ఏప్రిల్ 13 రాత్రి మన కుర్రాళ్లు ఫ్లెక్సీలు కడుతూ తెల్లారేదాకా మేల్కొంటారు. నేను పదింటికి ఇంటికి పోతాను. మొదట్లో ముఖం ముడిచారు. ఇప్పుడు ‘అన్నా, టైమైంది’ అని వాళ్లే పంపిస్తున్నారు. మీ దగ్గరా ఎవరైనా రోజుల తరబడి నిద్రపోకుండా ఆగకుండా మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టకండి, నిద్ర గురించి అడగండి. ఫోన్ ఎత్తడం మానేస్తే అన్నం తీసుకుని రూముకి వెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రభుత్వం నడిపే సేవల్లో వైద్యం పొందడం మన హక్కు. టెలి మానస్ నంబర్ 14416, ఉచితం. మందులు మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి.

ఇక ఆ సహోద్యోగికి నా జవాబు. వేసుకున్నాను సార్. ఇప్పుడు రోస్టర్ సంగతి చెప్పండి.

జై భీమ్.