గుండ్లకమ్మ అవతల పది రోజులు

భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు. ఎడమచెయ్యి మొత్తం ఆవు లోపల. చెంప దాని తుంటికి ఆనింది. “ఏం తగిలిందమ్మా?” అనడిగారు డాక్టరుగారు. చూడి కట్టిందో లేదో చెప్పాలి. “పేడ సార్” అన్నాను. చుట్టూ నిలబడ్డ రైతులు ఘొల్లున నవ్వారు.

ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మకు అవతల ఉన్న మా అమ్మమ్మగారి ఊళ్లో, సంక్రాంతి సెలవుల్లో నా చదువు అలా మొదలైంది. పశువైద్యం చదువుతున్నానన్న మాటేగానీ నేను పెరిగింది విజయవాడలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. అక్కడ ఆవు ఎక్కడుంటుంది! బీవీఎస్సీ అయిదున్నరేళ్ల కోర్సు. చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్పే. అంతకుముందు క్లాసుల్లో ఒక్క ఆవు చుట్టూ పదిమందిమి మూగితే ముందు వరసలో ధైర్యవంతులుంటారు. నాది ఎప్పుడూ వెనక వరసే. నాలుగో ఏడాదికొచ్చినా ఆవు తోక విసిరితే రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఊరి పశువుల ఆస్పత్రిలో డాక్టరుగారి వెంట పది రోజులు తిరుగుతానంటే “పండక్కి పేడ ఎత్తడానికి వెళ్తావా?” అని అమ్మ నవ్వింది.

ఒంగోల్లో రైలు దిగి ఆటో ఎక్కితే, జనవరిలో ఆ దారి చూసి తీరాల్సిందే. నల్లరేగడిలో శనగచేలు, పొగాకు తోటలు, మధ్యమధ్య పొగాకు కాల్చే బ్యారన్లు. ఊరి మొదట్లోనే ఒక గిత్తల జత ఎదురొచ్చింది. తెల్లటి ఒళ్లు, కొండలాంటి మూపురం, నడుస్తుంటే ఊగే గంగడోలు. పండక్కి బండలాగుడు పోటీలకు తయారు చేస్తున్నారట. ఆటో డ్రైవరు ఇంజను ఆపేసి మరీ దారిచ్చాడు.

ఈ జాతి పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ దాని పేరు ‘నెలోర్’. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి! బ్రెజిల్ వాళ్లు మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం దీని సంతతే. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మస్కట్‌గా పెట్టిన ‘వీర’ కూడా ఒంగోలు గిత్తే. ఇంత పేరుందా, ఆస్పత్రి ముందు పొద్దున్నే కట్టేసినవి చూస్తే ముర్రా గేదెలు, జెర్సీ సంకరాలే ఎక్కువ. ట్రాక్టరు వచ్చాక ఎడ్లతో పనేముంది? ఇల్లు గడవాలంటే పాలు కావాలి. ఒకాయన మాత్రం “గిత్త లాభానికి కాదమ్మాయ్, ముచ్చటకి” అన్నాడు. ఆ ముచ్చటకి దాణా ఖర్చు ఎంతవుతుందో అడిగితే మాట మార్చేశాడు.

డాక్టరుగారు మొదటి రెండు రోజులూ నా చేతికి సూది ఇవ్వలేదు. “ముందు పశువు దగ్గర నిలబడటం నేర్చుకో” అన్నారు. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్లకూడదు. పేరు పెట్టో, ‘హో’ అనో పలకరించాలి. వీపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా పక్కకి జరగాలి. ఆవు పక్కలకూ తన్నగలదు. దూరంగా ఉంటే తప్పించుకోవచ్చుననుకుంటాం గానీ, అడుగున్నర దూరంలో ఉన్నవాడికే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఒంటికి ఆనుకుని నిలబడితే మహా అయితే తోసేస్తుంది. ఈ పాఠం నాకు ఎడమ తొడ మీద నల్లగా కమిలి వారం రోజులు ఉంది. అమ్మమ్మ పసుపు రాస్తూ, “ఇంజనీరింగు చదవమంటే విన్నావా?” అని సణిగింది.

నాడి తోక కిందివైపు చూడాలి. ఎడమ డొక్కలో స్టెతస్కోపు పెడితే దూరపు ఉరుములా పెద్దపొట్ట కదులుతుంది. నిమిషానికి ఒకటి రెండుసార్లు ఆ ఉరుము వినపడితే మేత బాగా అరుగుతున్నట్టే. అయిదో రోజు పొద్దున, పేడ వెనకాల, కోడిమెడలా గట్టిగా ఉన్న గర్భాశయ ముఖద్వారం నా వేళ్లకు దొరికింది. దాని ముందు, నీళ్లు నింపిన బెలూన్‌లా మెత్తగా ఇంకోటి. “చూడిదే సార్! మూడు నెలలుంటుందా?” అన్నాను. ఆయన చెయ్యి పెట్టి చూసి తలూపారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఎనిమిదో రోజు రాత్రి పదింటికి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. డ్వాక్రా అప్పుతో కొన్న జెర్సీ ఆవు ముందురోజు ఈనింది. సాయంత్రం నుంచి లేవట్లేదు. వెళ్లేసరికి సావిట్లో బల్బు వెలుతురులో ఆవు మెడ పక్కకి తిప్పి, డొక్కలో తల పెట్టుకుని పడుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. పక్కింటి పెద్దాయన గొట్టంతో కషాయం పొయ్యబోతుంటే డాక్టరుగారు ఆపారు. మింగలేని పశువుకి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

“ఏమిటిది?” అన్నారు నా వైపు తిరిగి.

“పాలజ్వరం సార్.”

“జ్వరం ఉందా?”

థర్మామీటరు చూశాను. ఆవుకి ఉండాల్సింది నూటొకటిన్నర. ఇక్కడ తొంభై తొమ్మిది. పేరులో తప్ప జ్వరం ఎక్కడా లేదు. ఈనగానే రక్తంలోని కాల్షియం పాలలోకి పోయి, కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఆలస్యమైతే బతకదు.

గోనెసంచుల్లో గడ్డి కుక్కి ఇటూ అటూ ఆనించి ఆవుని నిటారుగా కూర్చోబెట్టాం. సూది నాకిచ్చారు. మొదటిసారి నరం తప్పింది. రెండోసారి నెత్తురు చిమ్మింది. కాల్షియం సీసా ఆయన పట్టుకున్నారు. “గుండె నువ్వు విను. తేడా వస్తే చెప్పు” అన్నారు. త్వరగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ ఇంటావిడ మాత్రం “తొందరగా ఎక్కించండి బాబూ” అంటోంది.

సీసా సగం అయ్యాక కొట్టుకోవడంలో ఒక దెబ్బ తప్పింది. నా భ్రమేమో అనుకున్నాను. ఇంకోటి తప్పింది. “సార్, ఆపండి!” అని అరిచాను. ఆయన ఏమీ అడక్కుండా ట్యూబు నొక్కేశారు. సావిట్లో అందరూ నోరెత్తకుండా నిలబడ్డారు. రెండు నిమిషాలకి గుండె సర్దుకుంది. మళ్లీ మొదలుపెట్టారు, చుక్కచుక్కగా.

సీసా అయిపోతుండగా ఆవు ఒళ్లంతా వణికింది. బ్రేవ్‌మని త్రేన్చింది. మెడ తిన్నగా తిప్పింది. కాసేపటికి వెనక కాళ్లు కూడదీసుకుని ఒక్క ఊపున లేచి, నా చెప్పుల మీద పడేలా పేడ వేసింది.

“ఏమైందమ్మా?” అన్నారు డాక్టరుగారు, చేతులు కడుక్కుంటూ.

“పేడ సార్!”

రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండొద్దనీ, దూడ కడుపు నిండాకే ఎవరికైనా అనీ ఆయన గట్టిగా చెప్పినా, మర్నాడు ఆవిడ చిన్న గిన్నెలో జున్నుపాలు తెచ్చింది. అమ్మమ్మ బెల్లం, మిరియాలపొడి వేసి వండింది. రైల్లో కూడా తినమని స్టీలు డబ్బాలో పెట్టింది. చీరాల దాటకముందే అయిపోయింది.