ఒక క్రిస్మస్ సినిమా, ఇంటినిండా అభిప్రాయాలు

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే చాలు, ఇక్కడ అమెరికాలో హాల్‌మార్క్ చానల్‌కి క్రిస్మస్ వచ్చేసినట్టే. మనకింకా దీపావళి ప్రమిదల సంబరమే తీరదు, వాళ్ళు మాత్రం మంచు, చెట్టు, ఎర్ర స్వెట్టర్లతో తయారైపోతారు. ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ అని 2009లో మొదలుపెట్టారు ఈ జాతరని. ఈమధ్య కొన్నేళ్ళుగా అయితే ఒక్కో సీజనుకి పదులకొద్దీ కొత్త సినిమాలు వదులుతున్నారు. ప్రకటనలతో కలిపి ఒక్కోటి రెండు గంటలు. మధ్యలో లేచి చపాతీలు ఒత్తుకుని వచ్చినా కథ ఎక్కడికీ పోదు, మనకోసం కూర్చునే ఉంటుంది. మా బోటి ఇల్లాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

చూడనివాళ్ళ కోసం మొత్తం కథ ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పెద్ద ఊళ్ళో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి ఏదో పనిమీద చిన్న ఊరికి వస్తుంది. అక్కడ గళ్ళ చొక్కా వేసుకున్న అబ్బాయి కనిపిస్తాడు. మొదట చిరాకు పడుతుంది, తర్వాత ఇద్దరూ కలిసి కుకీలు చేస్తారు. చివరి రెండు నిమిషాల్లో ముద్దు, ఆ ముద్దు మీద మంచు. మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు దీనికోసం తంబోలా టిక్కెట్లలాంటివి తయారుచేసుకున్నారు. బేకరీ కనిపిస్తే ఒక గడి, ఊరంతా చేరి చెట్టుకి దీపాలు వెలిగిస్తే ఇంకో గడి. అరగంటలో ఎవరో ఒకరికి హౌసీ అయిపోతుంది. పైగా, "అమ్మా, వీటిల్లో చాలావాటిని ఎండాకాలంలో కెనడాలో తీస్తారు, ఆ మంచు కూడా దొంగ మంచే" అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది. పాపం ఆ నటులు ఉన్ని కోట్లలో ఎంత ఉడికిపోతారో అని అప్పటినుంచీ నాకదో బెంగ!

ఇన్నిటిలోనూ మా ఇంట్లో పెద్ద చర్చ లేపింది మాత్రం ఒక పాత సినిమా, 2006లో వచ్చిన ‘ది క్రిస్మస్ కార్డ్’. ఈ చానల్‌కి పేరిచ్చిన హాల్‌మార్క్ అసలు గ్రీటింగ్ కార్డుల కంపెనీ, కాన్సస్ సిటీలో 1910లో పుట్టింది. కార్డులమ్మేవాళ్ళ చానల్లో కార్డు కథ అన్నమాట!

అఫ్ఘనిస్తాన్‌లో ఉన్న కోడీ అనే సైనికుడికి ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి రాసిన క్రిస్మస్ కార్డు అందుతుంది. ఆమె పేరు ఫెయిత్, ఊరు నెవాడా సిటీ. పేరు చూసి నెవాడా రాష్ట్రమనుకునేరు, కాదు. కాలిఫోర్నియాలో బంగారం వేట రోజుల్లో వెలిసిన చిన్న ఊరది. ఆ కార్డుని దాచుకుని దాచుకుని, సెలవు దొరికినప్పుడు అబ్బాయి ఆ ఊరికే వచ్చేస్తాడు. ఫెయిత్ తండ్రి ల్యూక్ కలప మిల్లు నడిపే పెద్దమనిషి. కోడీకి మిల్లులో పని, తమ దగ్గర ఉండడానికి చోటు ఇస్తాడు. కార్డు సంగతి మాత్రం అబ్బాయి చాలాసేపు ఎవరికీ చెప్పడు. ఫెయిత్‌కేమో అప్పటికే పాల్ అని ఒకబ్బాయి ఉన్నాడు. చివరికి ఎవరితో వెళ్తుందో నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక తీర్పులు వినండి.

మా అమ్మాయి: "అమ్మా, దిస్ ఈజ్ క్రీపీ. ఒక కార్డు పట్టుకుని ఊరు వెతుక్కుంటూ వచ్చి, నిజం చెప్పకుండా వాళ్ళింట్లోనే ఉండటం ఏంటి?" ఆ మాటలో న్యాయం ఉంది. ఈ సినిమా చూసినవాళ్ళు చాలామంది తప్పుపట్టేది కూడా ఇక్కడే. హీరో వెంటపడితేనే ప్రేమ అని నమ్మించిన సినిమాలు చూస్తూ పెరిగిన తరం మాది. దాన్ని చూసి మొహం చిట్లించే కూతురు ఇంట్లో ఉండటం నాకు లోలోపల సంతోషమే. అయితే అదే పిల్ల ల్యూక్ వేషం వేసిన ఎడ్ యాస్నర్‌ని చూసి, "ఈయన ‘అప్’లో తాత గొంతు కదా!" అని సోఫాలో సర్దుకుని కూర్చుంది. ఈ పాత్రకి ఆయన ఎమ్మీ నామినేషన్ కూడా తెచ్చుకున్నారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ దాని ఫోన్ పక్కనే ఉండిపోయింది.

మా వారు: "ఒక్క పాట లేదు, ఒక్క ఫైటు లేదు. వాడు సైనికుడు కదా, కనీసం ఒక్కణ్ణైనా కొట్టొచ్చుగా!" ఇది అన్న పావుగంటకి గురక.

మా పక్కింటి పెద్దావిడ: ఈవిడ ఏటా డిసెంబరులో ఈ సినిమా తప్పకుండా చూస్తుందట. భర్త వియత్నాంలో పనిచేసి వచ్చినవాడు, ఇప్పుడు లేడు. ప్రేమకథతో తనకి పెద్దగా పనిలేదంది. "ఎక్కడో దూరంగా ఉన్నవాడికి, ఎవరో కూర్చుని తన చేత్తో నాలుగు ముక్కలు రాశారన్నది ఎంత పెద్ద సంగతో నీకు తెలియదు" అంది. ఈ సినిమా వచ్చిన రోజుల్లో ఆ యుద్ధం నడుస్తూనే ఉంది. తమవాళ్ళు అక్కడ ఉన్నవాళ్ళెందరో దీన్ని చూసి ఉంటారు. వాళ్ళకి ఇది కథలా అనిపించి ఉండదు.

చివరికి మా అత్తయ్య. మావయ్యగారు పోయాక, తెనాలిలో ఇంటికి తాళం వేసి సెప్టెంబరులో మా దగ్గరికి వచ్చారు. ఇంగ్లీషు సినిమా అంటే, పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్పుకుపోవాలి. మొదట పాల్ దగ్గర ఆగిపోయారు. "అది సరేగానీ అమ్మాయ్, పెళ్ళి చేసుకుంటానన్న ఆ పిల్లాడి సంగతేంటి? వాడేం పాపం చేశాడు?" దీనికి నా దగ్గరే కాదు, ఈ సినిమా తీసినవాళ్ళ దగ్గర కూడా జవాబు ఉందనుకోను. ఇలాంటి సినిమాల్లో ముందునుంచీ ఉన్నవాడి పనల్లా తప్పుకోవడమే కదా.

సినిమా అయిపోయి నేను గిన్నెలు సర్దుకుంటుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆ ఇంట్లో వాణ్ణి ఒక్కరైనా ‘ఎన్నాళ్ళుంటావు’ అని అడిగారా?"

అడిగారో లేదో నేనంత పట్టి చూడలేదు. సినిమాలో సంగతి ఎలా ఉన్నా, ఆవిడ మనసులో నిలిచింది మాత్రం అది.

ఎందుకంటే ఈ మూడునెలల్లో ఆవిడని అందరూ అడిగిన ప్రశ్న అదొక్కటే. విమానం దిగగానే కౌంటరులో అదే, గుళ్ళో పరిచయమైనవాళ్ళు అదే, ఫోన్లో చుట్టాలు అదే. ఎవరూ చెడ్డగా అడగలేదు. ‘కాఫీ తాగారా’ అన్నంత మామూలుగా అడిగారు. కానీ నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ ఇంటికి తన చేత్తో తాళం వేసి వచ్చిన మనిషికి, ఆ మాట ప్రతిసారీ ఇంకోలా వినపడుతుందని ఆ రాత్రి నాకు అర్థమైంది.

సినిమాలో ల్యూక్ ఒక్క మాటతో చోటిచ్చేశాడు. మనకి అంత తేలికా? విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు. పొడిగింపు అడగొచ్చు, ఇస్తారన్న హామీ లేదు. తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టాలంటే కొడుకో కూతురో ఇక్కడి పౌరులై ఉండాలి. మా వారి గ్రీన్ కార్డే ఇంకా క్యూలో ఉంది. ఇవన్నీ అత్తయ్యకి తెలుసు. ఆవిడ అడిగింది వీసా గురించి కాదు.

ఆ వారం మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. తిరుగు టిక్కెట్టు తేదీ మార్చడానికి ఎంతవుతుందో చూశాం, పొడిగింపు కాగితాల సంగతి కనుక్కున్నాం. ఇదంతా మా వారి పని. నా పని ఇంకోటి ఉంది, అదే కష్టం. ‘ఇది మీ ఇల్లనుకోండి అత్తయ్యా’ అనడానికి నోరు చాలు. కందిపప్పు డబ్బా ఎక్కడుండాలో ఆవిడ చెప్తే వినడానికి మాత్రం చాలా గుండె కావాలి! పదహారేళ్ళుగా ఈ దేశంలో నాదంటూ పూర్తిగా ఉన్నది ఈ వంటిల్లొక్కటే. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చాక నేను కట్టుకున్న రాజ్యం ఇది. అందులో పొయ్యి పక్క అరలు రెండు ఖాళీ చేసి, "ఇవి మీవి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటికి అందులో చింతపండు, ఇంగువ, తెనాలినుంచి తెచ్చుకున్న కారప్పొడి చేరాయి. మూడోనాటికి నా ఆవాల డబ్బా కూడా అటే వెళ్ళిపోయింది. అడగలేదు, వెతుక్కుంటున్నాను.

ఇక సినిమా సంగతంటారా? నటన అక్కడక్కడా పేలవంగా ఉంటుంది, ముగింపు మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, మా అమ్మాయి పెట్టిన వంకలన్నీ నిజమే. అయినా ఇంట్లో అందరూ ఉన్న రోజు పెట్టుకుని చూడండి. తెర వంక కాదు, పక్కనున్నవాళ్ళు ఎక్కడ ఆగిపోయి ప్రశ్న వేస్తారో అటు కాస్త చెవి పెట్టండి.

వచ్చే ఆదివారానికి ఇంకో సినిమా వెతికే పని నాదే. అత్తయ్య అప్పుడే షరతు పెట్టేశారు: "ఈసారైనా ముందున్న పిల్లాణ్ణి మధ్యలో వదిలెయ్యని సినిమా పెట్టవే!"

ఈ చానల్లో అలాంటిది ఒక్కటైనా ఉంటే, పుణ్యముంటుంది, కాస్త పేరు చెప్పండి.