స్వల్ప ధనం – గంభీర నాదం

ఖరీదైన వాద్యం ఉంటేనే గంభీరనాదం పలుకుతుందన్న అపోహ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల విద్యార్థులను క్రుంగదీస్తున్నది. వారికి సంగీతాభిలాష మెండు, చేతిలో రొక్కం తక్కువ. అట్టివారు పాత బేస్ గిటారు తెచ్చుకొన్నప్పుడల్లా మేము చెప్పే మాట ఒక్కటే: ముందు వాద్యాన్ని అర్థం చేసుకోండి, పిదప ఖర్చు పెట్టండి.

1951లో లియో ఫెండర్ వెలువరించిన ప్రెసిషన్ బేస్ నిర్మాణం మిక్కిలి సరళం: కొయ్య దిమ్మ, మరలతో బిగించిన మెడ, నాలుగు తీగలు, ఒక పికప్. ఉక్కుతీగ కంపించగా పికప్‌లోని తీగచుట్ట గుండా అయస్కాంత అభివాహం మారి విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదే. మన తరగతిగదిలోని పాఠమూ ఇదే.

కనుక ఖర్చుకొక క్రమం ఉండాలి. మొదట కొత్త తీగలు. తరువాత మెడలోని ఉక్కుకడ్డీని ఒకసారికి పావుచుట్టు మించకుండా త్రిప్పి, వంపును సరిచేసి, ఆపై తీగల ఎత్తు సవరించాలి. అందుకు అలెన్ కీ, స్క్రూడ్రైవరు చాలు. గుయ్యిమనే రొద వినవస్తే లోపలి గుంటకు రాగిరేకు అంటించి, దానిని ఎర్తు తీగకు టంకంతో కలపాలి. పికప్ మార్చడం చిట్టచివరి పని.

వాద్యాన్ని చేతికి తగినట్లు మలచుకోవడం మనకు కొత్త కాదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండొలిన్‌ను విడిచి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక గమకాలు పలికించారు.

సాయంకాల వేళ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లను, ఒక టంకపు కడ్డీని ఈ విద్యార్థులకు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయంగా విన్నవించుకొంటున్నాము.